అట్ట మీద ఆరు, లోపల మూడు

కల్యాణి జన్మలో దొంగపని చేసిన మనిషి కాదు. పక్కింటి పెరట్లోంచి కరివేపాకు రెబ్బ కావలసినా తలుపు కొట్టి, అడిగి, తుంచుకునే రకం. అలాంటి మనిషి ఆ ఆగస్టు మధ్యాహ్నం వంటింటి తలుపుకి గడియ పెట్టుకుని, నేల మీద చతికిలబడి, మొగుడి షేవింగు బ్లేడుతో మూడో తరగతి లెక్కల పుస్తకాన్ని కోస్తూ కూర్చుంది. ప్రతి పేజీ అడుగునా 'తరగతి 3' అని అచ్చేసి ఉంది. ఆ అడుగు అంచుని సన్నటి పీలికలా కోసెయ్యాలి. సగం పుస్తకం అయ్యేసరికి వేలు తెగింది. రక్తం కాగితాల మీద పడకుండా వేలు నోట్లో పెట్టుకుని, మిగతా సగం ఎడమ చేత్తో కోసింది.

తర్వాత ఖాకీ అట్ట వేసింది. దాని మీద తెల్ల చీటీ అంటించి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: నవ్య, ఆరో తరగతి, లెక్కలు. కోసిన పీలికలన్నీ పోగేసి పొయ్యి వెలిగించి కాల్చేసింది. గదిలోంచి అత్తగారు అప్పలనరసమ్మ, "ఏటే అది, కాగితాలు కాల్తన్న కంపు?" అని అరిచింది. "ఏం లేదత్తా, పాత కాగితాలు" అంది కల్యాణి. ఆ ఇంట్లో ఆవిడ ఆడిన అబద్ధాల్లో అది రెండోది.

మొదట్నుంచీ చెప్పుకుంటే గానీ ఆవిడ మీద మనకి జాలి కలగదు.

రాయపూర్ రైల్వే కాలనీలో వాళ్ళది మూడో తరం. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి పట్టాల పనికి వచ్చి, ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం. కల్యాణి మొగుడు దుర్గారావు గూడ్సు బండి నడుపుతాడు. ఇప్పుడు లోకో పైలెట్ అనాలట గానీ తల్లికి మాత్రం కొడుకు డ్రైవరే. మంచివాడే. తాగడు, అరవడు, ఇంటికొస్తే కూరగాయల సంచీతోనే వస్తాడు. కాకపోతే ఇంజన్లో బతికీ బతికీ ఒక అలవాటు పట్టుకుంది. అక్కడ సిగ్నలు కనబడగానే అసిస్టెంటు గట్టిగా చెప్పాలి, డ్రైవరు అంతే గట్టిగా తిరిగి చెప్పాలి. మధ్యలో ఆలోచించడానికి లేదు. ఇంట్లో కంచం ముందు కూర్చున్నా ఆయన కూతుర్ని అలాగే అడిగేవాడు. "ఏడెనిమిదులు?" అనేవాడు. జవాబు అప్పటికప్పుడు రాకపోతే, "అయిపోయింది, సిగ్నల్ దాటిపోయింది" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. పిల్ల మాత్రం ముద్ద మింగలేక నీళ్ళు తాగేది.

నవ్య రెండో తరగతి పరీక్షలు రాస్తుండగా కరోనా వచ్చి బళ్ళు మూతపడ్డాయి. మూడూ నాలుగూ తరగతులు ఫోన్లో జరిగాయి. ఆ ఇంట్లో బొమ్మ కనబడే ఫోను ఒక్కటే, అది దుర్గారావుది. జనం తిరగడం ఆగింది గానీ గూడ్సు బళ్ళు ఆగలేదు. ఆయనతో పాటు ఫోనూ డ్యూటీకి వెళ్ళిపోయేది. ఆయన ఇంట్లో ఉన్న రోజు పిల్లకి బడి, లేని రోజు సెలవు. రెండేళ్ళు అలా గడిచాయి. ఎవరూ ఫెయిల్ చెయ్యలేదు. ఐదో తరగతిలోకి నెట్టారు, ఆపైన ఆరులోకి నెట్టారు.

ఆరో తరగతి మొదలైన నెల్లాళ్ళకి నవ్య పొద్దున్నే వాంతులు చేసుకోవడం మొదలెట్టింది. లెక్కల పీరియడు ఉన్న రోజుల్లోనే. ఒకనాడు తల దువ్వుతూ కల్యాణి పిల్ల మొహం ఎత్తి చూసి హడలిపోయింది. ఎడమ కనుబొమ సగం లేదు. బోర్డు దగ్గర నిలబెట్టినప్పుడల్లా పిల్ల ఒక్కో వెంట్రుకా పీకేసుకుంటోంది.

"రేపట్నుంచి ఇది బడికెళ్ళదు. నేనే ఇంట్లో చెప్పుకుంటాను" అంది కల్యాణి ఆ సాయంత్రం.

అప్పలనరసమ్మ నోరు నొక్కుకుంది. "గుంటకి జొరమొస్తే డాట్రు కాడికి తీసుకెల్తారు గానీ సదువు మానిపించేస్తారేటే? ఎక్కడా ఇన్నేదు."

దుర్గారావు చివరికి చెప్పాడు. "సరే, ఏప్రిల్ దాకా నీ ఇష్టం. ఒక యేడు పోతే పోయింది. ఏప్రిల్లో ఏదో ఒక స్కూల్లో ఆరుకి టెస్టు రాసి సీటు తెచ్చుకోవాలి. తెచ్చుకోకపోతే విజయవాడ హాస్టలే. భీమన్నయ్య కూతురు అక్కడే కదా బాగుపడింది. ఇది పక్కా కల్యాణీ. మళ్ళీ నాతో వాదించకు."

భీమారావు ఆయన అన్న. ఆయన కూతురు ప్రియదర్శినిని కల్యాణి పోయిన దసరాకి చూసింది. ఆ పిల్ల తినమంటే తినేది, లేవమంటే లేచేది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే చేతులు కట్టుకుని నిలబడేది. దాన్నే వాళ్ళు బాగుపడటం అంటున్నారు. నవ్యని అలా ఊహించుకోవడం కల్యాణి వల్ల కాలేదు.

పదిహేనేళ్ళ కింద పలాసలో బీకాం చదివిన ధైర్యంతో ఆరో తరగతి పుస్తకం తెరిచింది. పిల్ల బొమ్మలా కూర్చుంది. ఐదో తరగతిది తీసింది, నాలుగోది తీసింది. చివరికి విసిగిపోయి, "అరవై రెండులోంచి ముప్ఫై ఎనిమిది తియ్యి" అంది. నవ్య ముప్ఫై ఆరు అని రాసింది. ఎనిమిదిలోంచి రెండు తీసి ఆరు, ఆరులోంచి మూడు తీసి మూడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తియ్యడమే ఆ పిల్లకి తెలిసింది. పదులేమిటో ఒకట్లేమిటో తెలీదు. నాలుగేళ్ళుగా అందరూ ఆ పిల్ల చేత నేల విడిచి సాము చేయిస్తున్నారన్నమాట.

ఆ రోజు కల్యాణి కొత్త చీపురు విప్పింది. పుల్లలన్నీ సమంగా విరిచి, పదేసి చొప్పున దారంతో కట్టలు కట్టింది. ఆరు కట్టలూ రెండు పుల్లలూ పిల్ల ముందు పెట్టింది. "ఇందులోంచి నాకు ముప్ఫై ఎనిమిది ఇయ్యి" అంది. నవ్య మూడు కట్టలు ఇచ్చింది. ఎనిమిది పుల్లలకి వెతికితే రెండే ఉన్నాయి. చాలాసేపు చూసి, తల్లి మొహం చూసి, భయంభయంగా అడిగింది. "అమ్మా, కట్ట విప్పొచ్చా?"

"విప్పమ్మా, విప్పు" అంది కల్యాణి. పిల్ల కట్ట విప్పి, ఎనిమిది లెక్కపెట్టి ఇచ్చి, మిగిలినవి చూసుకుని ఇరవై నాలుగు అంది. ఎవరూ చెప్పకుండా అంది. కల్యాణి లేచి వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అవతల అప్పలనరసమ్మ మాత్రం, "లచ్చిందేవి లాంటి సీపురు ఇరిసేసి ఆటలాడతన్నారు తల్లీ పిల్లా, ఈ కొంపకి ఇంక సిరి నిలుస్తాదా" అని సాధిస్తూనే ఉంది.

గోల్ బజార్లో పాత పుస్తకాల కొట్టుకెళ్ళి మూడో తరగతి పుస్తకం తెచ్చింది కల్యాణి. నవ్య అట్ట చూసింది. "ఇది పూర్ణిమ పుస్తకం కదా" అంది. పూర్ణిమ పక్క క్వార్టర్ పిల్ల, ఎనిమిదేళ్ళది. నవ్య చెయ్యి మెల్లగా కనుబొమ మీదికి వెళ్ళింది. కల్యాణి ఆ పుస్తకం గబుక్కున లాక్కుంది. "అయ్యో, పొరపాటున తెచ్చేనమ్మా. రేపు మార్చి తెస్తాను" అంది. అది మొదటి అబద్ధం. బ్లేడు సంగతి మనకి తెలిసిందే.

ఒకటి ఒప్పుకోవాలి. ఆ అబద్ధం పనిచేసింది. సెప్టెంబరు పోయి అక్టోబరు వచ్చేసరికి పిల్ల పుల్లలు ముట్టకుండా కాగితం మీద కట్టలు గీసుకుని లెక్క చేస్తోంది. దీపావళికి ఆ కట్టల బొమ్మలు కూడా మానేసింది. కనుబొమ మీద నూగు మొలిచి, నల్లబడి, రెండో దానితో సమానమైంది. ఒక రోజు పూర్ణిమ ఆడుకోవడానికొచ్చి పుస్తకంలోకి తొంగి చూసి, "దీదీ, ఈ మామిడిపళ్ళ బొమ్మ మా పుస్తకంలో కూడా ఉంది" అంది హిందీలో. కల్యాణి పరుగున వచ్చి ఆ పిల్ల చేతిలో రెండు జంతికలు పెట్టి, "మీ అమ్మ పిలుస్తోంది" అని గుమ్మం దాటించింది. నవ్య తలెత్తి చూడలేదు. గుణకారంలో మునిగిపోయి ఉంది.

"అమ్మా, ఆరో క్లాసు ఇంత సులువా?" అని అడిగిందొకసారి. "మిస్ ఊరికే భయపెట్టింది నన్ను."

కల్యాణి "ఊఁ" అంది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

దుర్గారావు పద్నాలుగు గంటలు బండి నడిపి వచ్చినవాడు వచ్చినట్టు పడుకునేవాడు. లేచాక కూతురి పక్కన నిలబడి నోటు పుస్తకం తిప్పేవాడు. నాలుగంకెల తీసివేతలు, వరసగా టిక్కులు. ఏడెనిమిదులు అడిగితే పిల్ల కాస్త ఆగి, పెదాలు కదిపి, యాభై ఆరు అంటోంది. అట్ట చూసేవాడు, ఆరు అని ఉండేది. నమ్మాలని ఉన్నవాడికి అట్ట చాలు. ఆరో తరగతిలో తీసివేతలేమిటని ఆయనకి అనుమానం రాలేదు. డ్యూటీ ఎక్కే ముందు డ్రైవర్లు సంతకాలు పెట్టే క్రూ లాబీలో కనబడిన వాళ్ళందరికీ చెప్పుకునేవాడు. "మా ఆవిడ ఇంట్లోనే చెప్తంది భాయ్. స్కూళ్ళు దేనికీ పనికిరావు."

ఏప్రిల్ నాటికి మూడు పూర్తి చేసి, నాలుగు చదివించేసి, ఐదుని కాస్త ముట్టించగలిగితే దేవుడి దయ అనుకుంది కల్యాణి. కాదని తెలిసినా అనుకుంది. జనవరి ఆఖర్లో దుర్గారావు స్వీటు డబ్బాతో ఇంట్లోకొచ్చాడు.

"నయా రాయపూర్‌లో కొత్త స్కూలు. లాబీలో మా అసిస్టెంటు వీరేంద్ర చెప్పేడు. ఆరుకి సీట్లున్నాయంట, వచ్చే శనివారమే టెస్టు. నవ్య పేరిచ్చేసేను."

కల్యాణి చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. "ఏప్రిల్ అన్నారు కదండీ?"

"పిల్లకి వచ్చేసినాక ఏప్రిల్ దాకా ఎందుకు? ఈ సీటు రాకపోయినా ఏం పర్లేదు, ఫిబ్రవరిలోనే హాస్టలు మాట్లాడేస్తానన్నాడు అన్నయ్య. ఏదో ఒకటి తేలిపోతాది."

"ఆలు నేదు సూలు నేదు, కొడుకు పేరు సోమలింగమంట" అంది అప్పలనరసమ్మ, స్వీటు ముక్క నోట్లో వేసుకుంటూ.

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. చెబితే హాస్టలు, చెప్పకపోతే పరీక్ష, ముందు నుయ్యి వెనక గొయ్యి. పైగా నవ్య అవతల గదిలోంచి, "నాన్నా, నేను రాసేస్తాను!" అని సంతోషంగా అరిచింది. కల్యాణి నోరు మూతపడిపోయింది. ఎనిమిది రోజులున్నాయి కదా అనుకుంది. ఎనిమిది రోజుల్లో ఏమో, ఏదైనా జరగొచ్చు.

జరిగింది. కల్యాణే ఆ పాత స్కూలు అయిపోయింది. పొద్దున భిన్నాలు, మధ్యాహ్నం దశాంశాలు, సాయంత్రం వైశాల్యాలు. "ఇది కూడా ఆరో తరగతేనా అమ్మా? మరి ఇన్నాళ్ళూ ఇలా లేదే?" అని పిల్ల అడిగితే, "ఇది చివరి పాఠం, గబగబా నేర్చుకో" అంది. మూడో వంతు, ఐదో వంతు కలపమంటే ఎనిమిదో వంతు అంది నవ్య. చెప్పింది. మళ్ళీ ఎనిమిదో వంతే అంది. మళ్ళీ చెప్పింది. నాలుగో రోజు సాయంత్రం ఆరోసారి కూడా ఎనిమిదో వంతు అనేసరికి, చేతిలో ఉన్న స్కేలుతో పిల్ల ముంజేతి మీద ఫెడీమని కొట్టింది.

నవ్య ఏడవలేదు. కాగితం మీదికి వంగి, "సారీ అమ్మా, సారీ, ఇంకోసారి చెయ్యనా?" అంది. కల్యాణి చూసింది. తెల్ల కాగితం మీద, భిన్నాల మధ్య, నాలుగైదు సన్నటి నల్లటి వెంట్రుకలు పడి ఉన్నాయి.

స్కేలు చేతిలోంచి జారిపోయింది. పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. పదకొండేళ్ళ పిల్ల, ఒళ్ళో పట్టడం లేదు. అయినా లాక్కుంది. బడి చేసిన పని తను నాలుగు రోజుల్లో చేసింది, అదీ ప్రేమతో చేసింది. ఆ తల్లికి ఆ క్షణాన చచ్చిపోవాలనిపించింది, అది ఉత్త మాట కాదు. పుస్తకాలన్నీ మూసేసింది. ఆయన రాగానే చెప్పేస్తాను, కాళ్ళ మీద పడతాను, ఏదైతే అదవుతుంది అనుకుంది.

దుర్గారావు శుక్రవారం రావలసినవాడు బండి ఆలస్యమై శనివారం పొద్దున వచ్చాడు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, "ఛలో, టైం లేదు" అన్నాడు. అత్తగారు పిల్ల నుదుట కుంకుమ పెట్టింది. ముగ్గురూ మోటారు సైకిలెక్కారు, మధ్యలో నవ్య.

నయా రాయపూర్ రోడ్లు పొడుగ్గా, వెడల్పుగా, ఖాళీగా ఉంటాయి. దారి పొడవునా మనిషి కనబడడు. పిల్ల వీపు కల్యాణి గుండెకి ఆనుకుని ఉంది. లోపల గుండె కొట్టుకోవడం తెలుస్తోంది. ఎవరిదో తెలీడం లేదు.

"బండి ఆపండి" అంది కల్యాణి.

"ఏటయింది?"

"ఆపమంటన్నాను, ఆపండి!"

ఆపాడు. ఆవిడ దిగింది. పిల్లా దిగింది. కల్యాణి మొగుడి మొహంలోకి చూస్తూనే చెప్పింది, చూపు తిప్పితే మళ్ళీ చెప్పలేనని తెలుసు. "నవ్యకి ఆరో తరగతి లెక్కలు రావు. నేను ఇన్నాళ్ళూ చెప్పింది మూడో తరగతి. పుస్తకానికి అట్ట మార్చేను. మీకూ అబద్ధం చెప్పేను, దీనికీ చెప్పేను."

దుర్గారావు హెల్మెట్ తీశాడు. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రగా అయిపోయింది. "ఆరు నెలలు" అన్నాడు. "ఆరు నెలలు నేను ఊరంతా చెప్పుకు తిరిగేను. నువ్వు చూస్తా ఊరుకున్నావ్."

"మూడో తరగతి ఆ పిల్ల ఎక్కడ చదివిందండీ? ఫోను మీతో పాటు లైను మీదకెళ్ళిపోయేది. రెండేళ్ళు. ఎవరం పట్టించుకున్నాం? అక్కడ గొయ్యి ఉంది, అది పూడ్చకుండా పైన ఎంత కట్టినా కూలిపోతంది."

"సాకులు చెప్పకు! నాలుగంకెల లెక్కలు చేస్తంది, నా కళ్ళతో చూసేను. దానికొచ్చు. నీకే నమ్మకం లేదు. రాకపోతే హాస్టలుంది, వాళ్ళే చూసుకుంటారు."

"అమ్మా."

ఇద్దరూ తిరిగి చూశారు. నవ్య బండికి అవతల నిలబడి ఉంది.

"నాకొచ్చినవన్నీ పూర్ణిమ లెక్కలేనా?"

కల్యాణి అవునన్నట్టు తల ఊపింది.

నవ్య ఏడుస్తుందనుకుంది. కక్కుకుంటుందనుకుంది. పిల్ల తల్లి వంక కాసేపు చూసింది, అంతే. వెళ్ళి తండ్రి వెనకాల ఎక్కి కూర్చుంది. దుర్గారావు పెళ్ళాం కోసం ఆగలేదు. బండి కదిలిపోయింది.

స్కూలు కిలోమీటరు పైనే ఉంది. కల్యాణి నడిచింది, కొంత దూరం పరిగెత్తింది. చెప్పు తెగితే రెండూ చేతిలో పట్టుకుంది. గేటు దగ్గరికి వచ్చేసరికి పరీక్ష మొదలైపోయింది. వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. "పాప వాంతి చేసుకుంటే పిలవండి భయ్యా, కనుబొమ పీక్కుంటే పిలవండి" అని బతిమాలుకుంది. అతను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. దుర్గారావు గోడ నీడలో బండి మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ నాలుగు గజాల దూరంలో ఎండలో నిలబడింది. పరీక్ష గంటన్నర. ఆ గంటన్నరలో కల్యాణి తనకి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేసింది. సీటు కోసం మాత్రం మొక్కలేదు. నా పిల్లని నాకు వెళ్ళిన మొహంతోనే తిరిగివ్వండి, అంతే అడిగింది.

గేటు తెరుచుకుంది. మిగతా పిల్లలతో పాటు నవ్య నడిచి వచ్చింది. కల్యాణి ముందు కనుబొమలు చూసింది. ఎలా వెళ్ళాయో అలాగే ఉన్నాయి. అరగంట పోయాక ఒక మేడమ్ వచ్చి పేరు పిలిచి, దిద్దిన పేపరు దుర్గారావు చేతిలో పెట్టింది. "ఇరవైకి రెండు. ఆరో తరగతికి తీసుకోలేం" అని హిందీలో చెప్పి తర్వాతి పేరు పిలిచింది.

దుర్గారావు పేపరు విప్పాడు. కల్యాణి దగ్గరికి వెళ్ళకుండా ఉండలేకపోయింది, భుజం మీంచి చూసింది.

ఐదు వేల మూడులోంచి రెండు వేల ఏడు వందల అరవై ఎనిమిది తియ్యాలి. పక్కన మార్జిన్లో బుజ్జి బుజ్జి కట్టలు గీసి ఉన్నాయి, విప్పినవి విప్పినట్టు. జవాబు రైటు. వరసకి ఇరవై నాలుగు కుర్చీల చొప్పున ఆరు వరసలు. అదీ రైటే. మిగిలిన పద్దెనిమిది లెక్కల దగ్గరా అంకె లేదు. ప్రతిదాని పక్కనా హిందీలో, గుండ్రటి అక్షరాలతో, ఒకే మాట రాసి ఉంది: అభీ నహీ ఆతా. ఇంకా రాదు. పద్దెనిమిది సార్లు రాసింది. ఒక్కచోట కూడా కొట్టివేత లేదు.

ఐదో తరగతిలో ఈ పిల్ల పేపర్లు దుర్గారావు సంతకం పెట్టినవే. వాటిల్లో ఖాళీ అనేది ఉండేది కాదు. ఏ లెక్కకైనా ఏదో ఒక అంకె పడేసి ఉండేది, చెరిపి, మళ్ళీ రాసి, కాగితం చిరిగిపోయేలా.

"ఏదో ఒకటి రాయొచ్చు కదమ్మా" అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఒకటో రెండో తగిలేవి."

నవ్య తండ్రి వైపు చూడలేదు. తల్లి వైపు చూసింది. "రానిది వచ్చినట్టు రాస్తే అబద్ధం కదా నాన్నా" అంది.

కల్యాణి తల దించుకుంది. స్కేలు దెబ్బ తను కొట్టింది, ఇది తనకి తగిలింది. ఇందులో న్యాయం ఉంది, అందుకే ఎక్కువ నొప్పి పెట్టింది.

దుర్గారావు పేపరు పట్టుకుని వెళ్ళి బండి మీద కూర్చున్నాడు. తర్వాత ఎవరితోనూ కాకుండా అన్నాడు. "నన్నొకసారి కట్నీ వైపు బండి తీసుకెళ్ళమన్నారు. ఆ లైను నేను నేర్చుకోలేదు. లైను వచ్చని సంతకం పెడితేనే తోలాలి. రాదని రాసిచ్చేసేను. ఎవడూ నన్ను ఏటీ అన్లేదు. తెలిసినోడిని పక్కన కూకోబెట్టి నాలుగు ట్రిప్పులు నేర్పించేరు." పేపరు నాలుగు మడతలు పెట్టాడు. "వచ్చని అబద్ధం చెప్పి తోలుంటే..." అని, ఆ మాట పూర్తి చెయ్యలేదు.

జేబులోంచి ఫోను తీశాడు. "అన్నయ్యా, నేను. హాస్టలు మాట్లాడొద్దు. లేదు, సీటు రాలేదు. రెండే. ఆఁ, ఇరవైకి రెండే." చుట్టూ వేరే తల్లిదండ్రులు ఉన్నా గొంతు తగ్గించలేదు. "లేదన్నయ్యా, ఇంట్లోనే చదువుతాది. మూడో తరగతి లెక్కలు. అవును, మూడే."

ఫోను పెట్టేసి పెళ్ళాం వైపు తిరిగాడు. "నాకు చెప్పాల్సింది నువ్వు."

"చెబితే పంపించేసేవారు" అంది కల్యాణి.

కాదని అనబోయాడు. అనలేకపోయాడు. ఆ సంగతి వాళ్ళిద్దరి మధ్యా ఇంకా చాన్నాళ్ళు ఉంటుంది. ఆయన కిక్కు కొట్టి బండి స్టార్టు చేశాడు. ఈసారి ఆవిడ ఎక్కేదాకా ఆగాడు. నవ్య మధ్యలో కూర్చుంది గానీ తల్లికి ఆనుకోలేదు. వీపు నిటారుగా పెట్టుకుని తండ్రి చొక్కా పట్టుకుంది. ఆ వెడల్పాటి రోడ్డు మీద సగం దూరం వచ్చాక, తల తిప్పకుండానే అడిగింది.

"అమ్మా, రేపు ఏ లెక్కలు?"

"భాగహారాలమ్మా."

"ఏ క్లాసువి?"

కల్యాణి చెప్పింది. "మూడో తరగతివి."

"అలా చెప్పి చేయించు" అంది నవ్య. "నేను చేస్తాను."

కల్యాణి సరే అనడానికి నోరు తెరిచింది. ఏడుపొచ్చింది.